పద్దెనిమిది నిండి హోమ్ నుంచి బయటికొస్తున్న అమ్మాయికి మా ఇంట్లో గది ఇద్దామనుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి?

నాగోల్ టీచరమ్మ

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మేం హైదరాబాద్ నాగోల్‌లో ఉంటాం. రెండేళ్లుగా ఆదివారాలు మా దగ్గర్లో ఉన్న ఒక ఆడపిల్లల హోమ్‌కి వెళ్లి ఫిజిక్స్ చెప్తున్నాను. అక్కడ ఇంటర్ సెకండియర్ బైపీసీ చదివే అమ్మాయి ఉంది, తర్వాత నర్సింగ్ చదవాలనుకుంటోంది. ఆరేళ్లప్పుడు అమ్మానాన్న ఇద్దరూ పోయారు, అప్పట్నుంచీ హోమ్‌లోనే. రికార్డులో ఒక మేనమామ పేరుంది గానీ ఆయన ఒక్కసారీ వచ్చి చూసింది లేదు. జూన్‌లో తనకు పద్దెనిమిది నిండుతాయి, నిండాక అక్కడ ఉండనివ్వరు.

పోయిన వారం క్లాసయ్యాక అందరూ వెళ్లిపోయినా తను లేవలేదు. "మేడమ్, లేడీస్ హాస్టల్‌లో చేరాలంటే అడ్వాన్స్ ఎంత కట్టాలి?" అని అడిగింది. ఎంతో చెప్పాను. ఇంకేం అడగలేదు, స్కేలు పెట్టి గీసిన గీత మీదే మళ్లీ మళ్లీ గీస్తూ కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అబ్బాయి ఉద్యోగానికి పుణె వెళ్లి ఏడాదిన్నర అయింది, వాడి గది ఖాళీగానే ఉంది. మా ఆయన నేను అడక్కముందే తీసుకొద్దాం అన్నారు. అత్తయ్యగారికి భయం. రేపు పెళ్లి ఎవరు చేస్తారు, ఏదన్నా అయితే పోలీసులు మన గుమ్మం దగ్గరికే వస్తారు కదా అంటున్నారు. మా అన్నయ్యేమో చదువుకి డబ్బు కట్టు చాలు, ఇంట్లో ఎందుకు అన్నాడు. కానీ ఆ పిల్లకి ముందు కావాల్సింది తల దాచుకునే చోటు, ఫీజు తర్వాత సంగతి.

దత్తత లాంటి కాగితాలు ఏమైనా ఉండాలా? ఎంతకాలం అని ముందే చెప్పాలా, చెప్తే బాధపడుతుందా? కూతురిలా చూసుకుంటాం అని మాటివ్వడం మంచిదేనా? ఇలా ఇంట్లో పెట్టుకున్నవాళ్లు, ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. మంచిపని చేస్తున్నారు అని మెచ్చుకోవడం మాత్రం వద్దు, నాకు భయంగానే ఉంది.

ఎల్‌బీ నగర్ వాసి

మీ మనసు మంచిదే, కాదనను. కానీ ఈ కాలంలో ఎవర్ని నమ్ముతామండీ. ఇంట్లో బంగారం ఉంటుంది, పెద్దావిడ ఒక్కరే ఉండే టైము ఉంటుంది. మీ అన్నయ్య చెప్పిందే కరెక్ట్, హాస్టల్ ఫీజు కట్టండి, పండక్కి ఇంటికి పిలిచి భోజనం పెట్టండి.

రాజమండ్రి మాస్టారు

అమ్మా, బంగారం సంగతి బ్యాంకు లాకర్ చూసుకుంటుంది. దానికంటే పెద్ద ప్రమాదం ఒకటుంది, అది మనవైపు నుంచే వస్తుంది. అది నా అనుభవం కాబట్టి చెప్తున్నాను.

మా గోదావరి జిల్లాల్లో పరాయి పిల్లల్ని ఇంట్లో పెట్టుకోవడం కొత్త కాదు. మా నాన్నగారి తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లు ఊరి నిండా ఉండేవారు, సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. టంగుటూరి ప్రకాశం గారికి పదకొండో ఏట తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపింది. ఆయన మాస్టారు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు రాజమండ్రి వస్తూ ఆ పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చి చదివించారు. ఇవన్నీ గొప్పగా చెప్పుకుంటాం. ఆ వారాలు చాలావరకు ఎవరి కులం పిల్లలకు వాళ్లు పెట్టుకున్నవే అని మాత్రం చెప్పుకోం.

నేను సర్వీసులో ఉండగా మా స్కూల్లో చదివిన కుర్రాడొకడు, తల్లి పోయి తండ్రి ఎటో వెళ్లిపోతే, పదిహేడేళ్లప్పుడు మా ఇంటికొచ్చాడు. మేడమీద గది ఇచ్చాం. ఊళ్లో అందరికీ "మా ఇంటి పిల్లాడే" అని చెప్పుకున్నాం. మొదట పొద్దున్నే పాలు తేవడం. మా ఇంట్లో పిల్లలు తెస్తారు కదా, వాడూ తెస్తాడు అనుకున్నాం. తర్వాత గ్యాస్ సిలిండర్ మేడెక్కించడం, మా మనవరాల్ని బడికి దింపడం, మా ఆవిడకి ఒంట్లో బాగోలేనప్పుడు అంట్లు. ఏ పనీ మేం గట్టిగా చెప్పలేదు. వాడు ఏదీ కాదనలేదు. కాదనలేడు అన్న సంగతి నాకు తట్టలేదు, పాతికేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. డిగ్రీ రెండో ఏడు సప్లిమెంటరీ పరీక్షల ముందురోజు మా చుట్టాలొస్తే వాణ్ణి స్టేషన్‌కి పంపాను. పరీక్ష పోయింది. ఆ నెలలోనే చెప్పకుండా వెళ్లిపోయాడు, గది ఊడ్చి, దుప్పటి మడతపెట్టి, నేను కొనిచ్చిన వాచీ టేబుల్ మీద పెట్టి మరీ వెళ్లాడు.

ఆ వాచీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అందుకే చెప్తున్నా, కూతురిలా చూస్తాం అనకండి. ఆ మాటకి కొలత లేదు, మనకి తోచినట్టు సాగదీస్తాం. ఏ పని ఎవరిదో మొదటిరోజే అనుకోండి. తన గది, తన కంచం, తన బట్టలు తనవి, మిగతావి అందరివీ, అందులో మీ ఆయన వంతూ ఉండాలి. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఆ పిల్ల చేత కాఫీలు అందించొద్దు. మొదటి ఆర్నెల్లు ఇది మరీ గుర్తుపెట్టుకోండి.

పిల్లల కేసులు చూసేదాన్ని

మాస్టారూ, మీరు రాసింది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. మా దగ్గరికి తిరిగొచ్చే పిల్లల్లో సగానికి పైగా చెప్పే కథ ఇదే, చెప్పేవాళ్లు మారతారంతే.

టీచర్ గారూ, కాగితాల సంగతి నేను చెప్తాను, పన్నెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నా. ముందు ఒక విషయం తేల్చుకుందాం. పద్దెనిమిది నిండాక ఆ అమ్మాయి మేజర్. మీకు ఎవరూ అప్పగించాల్సిన పని లేదు, దత్తత అక్కర్లేదు, ఫోస్టర్ కేర్ అంటారే, పిల్లల్ని కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచి పెంచడం, అది పద్దెనిమిది లోపు పిల్లలకే. ఎక్కడ ఉండాలో తను నిర్ణయించుకుంటుంది. కాబట్టి సూపరింటెండెంట్ గారిని అడిగే ముందు ఆ పిల్లనే అడగండి, అదీ ఒంటరిగా, ఆలోచించుకోవడానికి టైమిచ్చి. హోమ్‌లో పెరిగిన పిల్లలకి పెద్దవాళ్లు అడిగితే సరే అనడం అలవాటైపోయి ఉంటుంది.

2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఆఫ్టర్‌కేర్ అని ఉంది. హోమ్ నుంచి వచ్చినవాళ్లకి ఇరవై ఒకటి వరకు, మరీ అవసరమైతే ఇంకో రెండేళ్లు సాయం చేసే ఏర్పాటు. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు. అయితే చట్టం 46వ సెక్షన్లో "ఇవ్వవచ్చు" అన్నట్టు రాశారు, "ఇచ్చి తీరాలి" అని రాయలేదు. అందుకే వెంటపడాలి. బయటికెళ్లడానికి రెండు నెలల ముందే తర్వాత ఏం చేస్తారన్న ప్లాన్ రాసి బాలల సంక్షేమ కమిటీకి పెట్టాలని రూల్స్‌లో ఉంది. జూన్ అన్నారు కదా, ఏప్రిల్ లోపే హోమ్‌లో "మా పిల్ల ప్లాన్ వెళ్లిందా" అని అడగండి. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి కూడా వెళ్లండి. డబ్బు శాంక్షన్ అయితే నేరుగా తన అకౌంట్‌లో పడాలి. మీ అకౌంట్ ఇవ్వొద్దు, "నేను దాచిపెడతాలే" అని కూడా అనొద్దు.

బయటికొచ్చే రోజుకి తన చేతిలో ఉండాల్సినవి: టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, హోమ్‌లో పెట్టమని కమిటీ ఇచ్చిన ఆర్డర్ కాపీ. ఈ చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. తల్లిదండ్రులు లేరని, హోమ్‌లో పెరిగానని రేపు ఎక్కడ చూపించాలన్నా అదే ఆధారం. పదేళ్లలోపు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసేవాళ్లెవరూ లేక ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన హోమ్‌లో చేరిన పిల్లలు బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. మీ అమ్మాయికి ఆరేళ్లప్పుడు అన్నారు కాబట్టి ఆ సర్టిఫికెట్‌కి అప్లై చేయించండి, నర్సింగ్ సీటుకీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ అది చాలా తేడా చేస్తుంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ దగ్గర ఎవరి ఆదాయం రాయాలని తిప్పుతారు, ఆర్డర్ కాపీ పట్టుకుని మీరు పక్కన నిలబడితే పని తొందరగా అవుతుంది.

ఇంకొకటి, చిన్నదే గానీ ఏడిపిస్తుంది. ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ ఉందో చూడండి. చాలామంది పిల్లలకి అది వార్డెన్‌దో, ఎప్పుడో మానేసిన స్టాఫ్‌దో అయి ఉంటుంది. ఓటీపీలన్నీ అటు పోతాయి. తను స్వయంగా ఆధార్ సెంటర్‌కి వెళ్లి మార్పించుకోవచ్చు. మైనర్‌గా తెరిచిన బ్యాంకు ఖాతాకి కూడా పద్దెనిమిది నిండాక మళ్లీ కేవైసీ ఇవ్వాలి. ఇంటికొచ్చిన మొదటివారం ఈ రెండూ చేసేయండి.

పోలీసులంటే అత్తయ్యగారికి భయం కదా. అద్దెకున్నవాళ్ల వివరాలు ఇచ్చినట్టే మీ స్టేషన్లో వివరాలిచ్చి రండి, ఇద్దరు కలిసి వెళ్లండి. అప్పుడు దాచినట్టు ఉండదు, ఆ పిల్లకీ ధైర్యంగా ఉంటుంది.

బ్రాడ్‌ఫర్డ్ నుంచి

మాది తెనాలి, ఇంగ్లండ్ వచ్చి పదకొండేళ్లు. ఇక్కడ నైట్‌స్టాప్ అని ఒక ఏర్పాటు ఉంది, 1987లో మా పక్కనే ఉన్న లీడ్స్‌లో మొదలైంది. పదహారు నుంచి పాతికేళ్ల లోపు పిల్లలు ఆ రాత్రికి ఉండటానికి చోటు లేకపోతే, ముందే పేరిచ్చిన మామూలు కుటుంబాలు తమ ఇంట్లో ఉన్న ఖాళీ గదిలో పడుకోబెడతాయి. విడి గది, వేడి భోజనం, స్నానం, బట్టలు ఉతుక్కోవడం, పొద్దున్న టిఫిన్. అంతే. మళ్లీ పొద్దున్నే ఆఫీసు వాళ్లు చూసుకుంటారు. మేం నాలుగేళ్లుగా చేస్తున్నాం.

ఎల్‌బీ నగర్ వాసి గారు అడిగిన ప్రశ్న ఇక్కడా అడుగుతారు. దానికి వాళ్లు చేసిన పని ఏంటంటే, పిల్లల్ని పంపేముందు వాళ్ల గురించి ఎంత విచారిస్తారో మా గురించీ అంతే విచారించారు. పోలీసు రికార్డు చెక్ చేశారు, ఇల్లు చూశారు, ట్రైనింగ్ ఇచ్చారు. మొదట మా ఆయనకి కోపం వచ్చింది, సాయం చేస్తామంటే మనల్నే అనుమానిస్తారేంటని. తర్వాత ఆయనే అన్నారు, మన అమ్మాయి ఇలా ఎవరింటికో వెళ్లాల్సొస్తే మనమూ ఇంతే అడుగుతాం కదా అని. మీరు కూడా హోమ్ వాళ్లనీ యూనిట్ వాళ్లనీ ఇంటికొచ్చి చూడమనండి.

మొదట మా ఇంటికొచ్చిన పిల్లాడికి పంతొమ్మిది. షూస్ విప్పి ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. పప్పన్నం పెట్టాను, కారం తక్కువేసి. ఫోర్క్‌తో మెతుకు మిగలకుండా తిన్నాడు. ఫోన్ చార్జింగ్ ఏ ప్లగ్గులో పెట్టుకోవచ్చు అని మూడుసార్లు అడిగాడు. అప్పట్నుంచి ఎవరొచ్చినా లోపలికి రాగానే చార్జర్, వైఫై పాస్‌వర్డ్, బాత్రూమ్, గది, ఈ నాలుగూ నేనే ముందు చూపిస్తాను, అడిగించుకోను. ఎక్కడి నుంచొచ్చావు, ఇంట్లోంచి ఎందుకొచ్చేశావు అని మాత్రం అడగం. చెప్తే వింటాం.

మీది ఒక్క రాత్రి సంగతి కాదు, నాకు తెలుసు. నెలల తరబడి ఉంచుకునే పద్ధతి ఇక్కడ వేరేగా ఉంది, సపోర్టెడ్ లాడ్జింగ్స్ అంటారు, ఆ ఇంటివాళ్లకి కౌన్సిల్ డబ్బిస్తుంది. అందులో చేసే మా ఫ్రెండ్ ఎప్పుడూ ఒకటే అంటుంది, ఎప్పటిదాకా అన్నది ముందే చెప్పాలని. గడువు చెప్తే బాధపడుతుందేమో అనుకుంటున్నారు మీరు. చెప్పకపోతే రోజూ పొద్దున్న లేచి ఈరోజు పొమ్మంటారేమో అనుకుంటూ బతకాలి. వీలైతే జూన్‌కి ముందే పర్మిషన్ తీసుకుని పగటిపూట ఒకట్రెండుసార్లు ఇంటికి తీసుకురండి, అత్తయ్యగారు తనని చూస్తారు, తనూ ఇల్లు చూసుకుంటుంది.

ట్రంకుపెట్టె

నేను సాధారణంగా ఇక్కడ రాయను, చదువుతా అంతే. ఇది చూసి రాయాలనిపించింది.

నేను హోమ్ పిల్లాడినే. 2014లో బయటికొచ్చాను. ఏ హోమ్ అని చెప్పను. టీసీ, రెండు జతల బట్టలు, ఒక ట్రంకుపెట్టె ఇచ్చి, గేటు దగ్గర దణ్ణం పెట్టించి పంపారు. సికింద్రాబాద్ స్టేషన్‌లో బోయిగూడ వైపు పదో నంబర్ ప్లాట్‌ఫామ్ ఉంటుంది, అక్కడ పదకొండు రాత్రులు పడుకున్నా. పెట్టెకీ కాలికీ తువ్వాలు కట్టుకుని పడుకునేవాణ్ణి. ఎనిమిదో రోజు ఒక మెస్‌లో గిన్నెలు కడిగే పని దొరికింది. నాలుగు రోజులయ్యాక ఆ మెస్ ఓనరు రాత్రి ఎక్కడుంటున్నావురా అని అడిగితే అబద్ధం చెప్పాను. ఆయన వెనకాలే స్టేషన్‌కి వచ్చాడు. ఆ రాత్రే వాళ్లింటికి తీసుకెళ్లాడు.

మీరు ఏం చూసుకోవాలని అడిగారు కదా మేడమ్. ఆ పిల్ల ఏం చేస్తుందో చెప్తా, మీరు కంగారుపడకుండా ఉంటారని. పొద్దున్న ఐదుకే లేచి మంచం మీద దుప్పటి చెయ్యి పెడితే జారేలా సర్ది కూర్చుంటుంది. ఫ్రిజ్ తెరవదు. మీరు తెరవమన్నా తెరవదు, నాకు రెండు నెలలు పట్టింది. తలగడ కింద బిస్కెట్లు, చపాతీలు దాస్తుంది. చూసినా తీయకండి, ఏమనకండి. లైటు వేసుకునే పడుకుంటుంది, ఎందుకంటే ఇరవై ముప్పై మంది ఉన్న హాల్లో పడుకోవడమే తప్ప ఒక్కతే గదిలో ఎప్పుడూ పడుకుని ఉండదు. మొదట్లో ఆ గది సుఖంగా కాదు, భయంగా ఉంటుంది.

వాళ్లింట్లో అమ్మ మొదటిరోజు నన్ను "రేపు ఏం కూర చెయ్యమంటావు?" అని అడిగింది. నాకు చెప్పడం రాలేదు. పద్దెనిమిదేళ్లు గంట కొడితే వెళ్లి ప్లేటు పట్టుకోవడమే, ఏది వేస్తే అది. నాకే కూర ఇష్టమో నాకే తెలీదు. ఏదైనా పర్లేదు అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. బజారుకి తీసుకెళ్లి నీ చేత్తో నువ్వు తియ్యి అంది. దొండకాయలు తీశాను, అవి చూడ్డానికి బాగున్నాయని. ఇప్పుడు నాకు నిజంగానే దొండకాయ వేపుడంటే ప్రాణం.

రెండో నెలలో వాళ్లబ్బాయికీ నాకూ గొడవయింది. వాడి బైకు అడక్కుండా తీసుకెళ్లి గీతలు పెట్టాను. నేను వెంటనే పైకెళ్లి ట్రంకుపెట్టె సర్దుకున్నా, ఎవరూ పొమ్మనకముందే. ఓనరు పైకొచ్చి పెట్టె చూసి, "తప్పు చేశావు, రిపేరుకయ్యే డబ్బు జీతంలో నెలకి మూడొందలు పట్టుకుంటా. భోజనానికి రా" అన్నాడు. తిట్టాడు, కానీ పొమ్మనలేదు. ఆ రెండూ వేరు వేరని నాకు ఆరోజే తెలిసింది. మీ ఇంట్లోనూ గొడవ వస్తుంది, రాకపోతే ఆ పిల్ల ఇంకా భయపడుతూనే ఉందని అర్థం. వచ్చినప్పుడు గదితో ముడిపెట్టి మాట్లాడొద్దు. "మా ఇంట్లో ఉంటూ" అనే మాట ఒక్కసారి నోరు జారితే చాలు, పెట్టె సర్దుకుంటుంది.

ఆడపిల్ల కాబట్టి ఇంకోటి. గదికి లోపల గడియ ఉందో లేదో చూడండి. మా హోమ్‌లో ఏ తలుపుకీ లోపల గడియ ఉండేది కాదు, బాత్రూమ్‌కి కూడా. ఇంటి తాళంచెవి ఒకటి తనకి మొదటిరోజే ఇవ్వండి. నాకిచ్చింది ఇంకా నా దగ్గరే ఉంది. నేనిప్పుడు ఏసీ మెకానిక్‌ని, ఉప్పల్‌లో అద్దెకుంటున్నా, పెళ్లయింది, పాప ఉంది. వాళ్ల మెస్ మూసేసి మూడేళ్లయింది. తాళంచెవి వెనక్కివ్వబోతే తీసుకోలేదు.

పెళ్లెవరు చేస్తారని అడిగారట కదా పెద్దావిడ. చదువుకుని ఉద్యోగం చేసే పిల్ల తన పెళ్లి తను చూసుకుంటుంది. మీరు అక్షింతలు వేయండి.

ఎల్‌బీ నగర్ వాసి

తమ్ముడూ, నేను రాసిన దానికి ఏమీ అనుకోవద్దు. నువ్వు రాసింది మా ఇంట్లోవాళ్లకి చదివి వినిపించాను. టీచర్ గారూ, నర్సింగ్ ఎంట్రన్స్ పుస్తకాలు మా అమ్మాయివి ఉన్నాయి, కొత్తవాటిలాగే ఉంటాయి, ఎక్కడికి తెమ్మంటే అక్కడికి తెచ్చిస్తాను.

నాగోల్ టీచరమ్మ

అందరికీ చేతులెత్తి దండం. వెంటనే రాయలేకపోయాను, రెండు ఆదివారాలు గడిచాయి.

మొదటి ఆదివారం తనని అడిగాను. అలా అడిగేసి, నాకిప్పుడే చెప్పొద్దు, వచ్చే వారం చెప్పు, వద్దన్నా నేను క్లాసుకి వస్తూనే ఉంటాను అన్నాను. ఈ ఆదివారం నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని వచ్చింది, ఆరు ప్రశ్నలు. పొద్దున్న చదువుకోవడానికి ఎన్నింటికి లైటు వేసుకోవచ్చు. తన ఫ్రెండ్ ఇంకా హోమ్‌లోనే ఉంది, ఆదివారాలు చూడ్డానికి వెళ్లొచ్చా. నాన్‌వెజ్ తింటారా. ఆంటీ అని పిలవాలా, మేడమ్ అనా. సీటు వేరే ఊళ్లో వస్తే ఏం చేస్తారు. ఆరోది, అద్దె ఎంత.

అద్దె ఏంటమ్మా అనబోయాను, మాస్టారి వాచీ గుర్తొచ్చి ఆగాను. నువ్వే చెప్పు అన్నాను. ఆ నాలుగు వేలు వస్తే ఐదొందలు ఇస్తానంది, రాకపోతే ఉద్యోగం వచ్చాక ఇస్తానంది. ఒప్పుకున్నాను. మామూలు అద్దె కాగితం లాగే పదకొండు నెలలకి రాసుకుంటున్నాం, అయిపోయాక ఇద్దరికీ ఇష్టమైతే ఇంకో పదకొండు. ఇంటిపనులు కూడా అందులోనే రాశాం, మా ఆయన వంతుకి బట్టలు ఆరేయడం, అంట్లు వచ్చాయి.

ప్లాన్ ఇంకా కమిటీకి వెళ్లలేదట, మంగళవారం మళ్లీ వెళ్తున్నాను. ఆధార్ నంబర్ చూశాం, మీరన్నట్టే ఎప్పుడో మానేసిన ఆయాది. అత్తయ్యగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ నిన్న ఆ పిల్ల మాగాయ తింటుందా, ఆవకాయా అని అడిగారు. తెలీదు, తనకీ తెలిసుండదు అన్నాను. రెండూ పెడదాంలే అన్నారు.

మా అబ్బాయి గదికి లోపల గడియ విరిగిపోయి ఎన్నేళ్లయిందో, వాడెప్పుడూ అడగలేదు, మేమూ చూడలేదు. గురువారం వడ్రంగి వస్తున్నాడు. పుస్తకాలిస్తామన్న ఎల్‌బీ నగర్ అన్నగారూ, మెసేజ్ పెట్టాను, చూడండి.